బీరువాలోని క్రొత్త కథలు

విజయవాడనుండి హైదరాబాదునకు పోవు రహదారిపై మొదట నందిగామయు, తరువాత జగ్గయ్యపేటయు తగులును. ఇవి రెండును కృష్ణామండలపు మెట్టసీమలోని పట్టణములు. 2022 ఏప్రిలునుండి ఎన్టీఆర్ జిల్లాలో చేరియున్నవి. డెల్టాయందువలె ఎటు చూచినను వరిచేలు కనబడు నేల కాదిది. ప్రత్తి, మిరప పండు రేగడి చేలును, సున్నపురాతి గుట్టలును ఇచ్చటి దృశ్యములు. ఈ రెండు పట్టణములకు చేరువనే, మునియేటి యొడ్డున, పెనుగంచిప్రోలు కలదు. తిరుపతమ్మ తిరునాళ్ళ మూలమున ఆ యూరి పేరు నలుదిక్కుల తెలిసినదే. అయితే ఆ యూరిని తలచుకొనుటకు మరియొక కారణము కూడ కలదు. తెలుగులో నేడు మనము కథానిక అనుచున్న ప్రక్రియను తొలినాళ్ళలో చేపట్టిన రచయిత్రి అచ్చటనే పుట్టెను.

ఆమె పేరు భండారు అచ్చమాంబ. జన్మించినది 1874లో. చిన్ననాడే తండ్రి గతించెను. చిన్ననాడే వివాహమును జరిగెను. ఆ కాలపు ఆడపిల్లలలో పెక్కుమందివలెనే ఆమెకు బడికి పోవు యోగము లేకపోయెను. తమ్ముడు చదువుకొనుచుండగా ప్రక్కన కూర్చుండి అక్షరములు నేర్చుకొనెను. అక్షరములతో ఆమె తృప్తి చెందలేదు. మధ్యభారతమున భర్తతో కాపురముండి, ఇంటిపనుల నడుమనే హిందీ, మరాఠీ మొదలగు భాషలను కూడ అభ్యసించెను. 1901లో స్త్రీల జీవితచరిత్రములను కూర్చి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' అను గ్రంథమును వెలువరించెను. మరుసటి సంవత్సరము, అనగా 1902లో, 'హిందూసుందరి' పత్రికలో ఆమె కథ 'ధనత్రయోదశి' అచ్చయినది.

గురజాడ అప్పారావుగారి 'దిద్దుబాటు' వెలువడినది 1910లో. చాలకాలము దానినే తొలి తెలుగు కథానికగా చెప్పుచు వచ్చిరి. 'తొలి' అను గౌరవము ఎవరికి దక్కవలెనను విషయమున పండితుల వాదము సాగుచునే యున్నది. ఆ వాదము ఎట్లు తేలినను 'ధనత్రయోదశి' ఎనిమిది సంవత్సరములు ముందుదనుట మాత్రము నిజము.

ఆ కథలో రాజులు లేరు, గంధర్వులు లేరు, శాపములును లేవు. కొలువు చేసి పొట్ట పోసికొను ఒక పేదవాని యిల్లు కలదు. పండుగ వచ్చినది, ఇంట డబ్బు లేదు. భర్త తనది కాని సొమ్ము ఇంటికి తెచ్చును. భార్య దానిని ముట్టనొల్లక, తిరిగి ఇచ్చివేయవలసినదని పట్టుపట్టును. నేడు చదువువారికి అందలి నీతి కొంత బిగ్గరగానే వినబడును. కాని పేదయింటి యిల్లాలు ఒక రాత్రివేళ పడిన మథనము కథకు చాలిన వస్తువని 1902లో ఊహించుటయే గొప్ప సాహసము. ఆమె ముప్పది యేండ్ల ప్రాయముననే, 1905లో, మరణించెను. ఆమె కథలు చాలకాలము పాతపత్రికలలోనే మరుగుపడియుండి, ఇటీవలి కాలమున సంపుటముగా వెలువడినవి. కావున నూరేండ్లనాటి కథలు నేటి గ్రంథాలయమునకు క్రొత్త పుస్తకముగా రాగలవు.

అచ్చమాంబ ఎవరి ప్రక్కన కూర్చుండి అక్షరములు దిద్దెనో ఆ తమ్ముడు కొమర్రాజు వేంకటలక్ష్మణరావుగారు. ఆయనయు పెనుగంచిప్రోలు వాడే, 1877లో జన్మించెను. అక్కగారి యింట పెరిగి, చదువు ముగించి, మునగాల రాజా నాయని వేంకటరంగారావుగారి కొలువున దివానుగా నుండెను. మునగాల పరగణా ఆ రోజులలో కృష్ణాజిల్లాలోనిదే. వీరును, రావిచెట్టు రంగారావుగారును, మరికొందరు మిత్రులును కలిసి 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును స్థాపించిరి. నైజాము రాజ్యమున తెలుగునకు ఆదరణ కొరవడిన కాలమది. 1906లో లక్ష్మణరావుగారే విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పి, చరిత్రమును, ప్రకృతిశాస్త్రములను తెలుగువారికి సులభమైన తెలుగులో అందించుటకు పూనుకొనెను. మండలి తొలి గ్రంథము గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్రము.

ఇచ్చట గమనింపవలసిన విశేషమొకటి కలదు. లక్ష్మణరావుగారు మహాపండితులు, శాసనములు పరిశోధించినవారు, తెలుగున విజ్ఞానసర్వస్వమును సంపుటములుగా తెచ్చుటకు పూనుకొన్నవారు. అట్టివారి మండలి నవలలను చిన్నచూపు చూడలేదు. నవలల పోటీలు పెట్టి, క్రొత్తగా వ్రాయువారికి బహుమతు లిచ్చి, ఆ నవలలను అచ్చువేసినది. యువకులు చరిత్రమును చదువవలెనన్నచో ముందు కథను చదువుట మరగవలెనని మండలివారు గ్రహించిరి కాబోలు.

'నవల' అను మాటను చూచినను ఈ సంగతి తెలియును. తొలుత ఇట్టి గ్రంథమును వచనప్రబంధమని పిలిచెడివారు. కందుకూరి వీరేశలింగముగారి 'రాజశేఖర చరిత్రము' 1880లో పుస్తకముగా వచ్చినపుడు నవల అను పేరు ఇంకను వాడుకలోనికి రాలేదు. ఆ పేరును పెట్టినవారు కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారని చెప్పుదురు. 'నవ' అనగా క్రొత్తది. క్రొత్త విశేషములను గ్రహించునది నవల. ఇంగ్లీషు మాటతో ధ్వని కలియుట ఒక సొగసు. తెలుగున దానికి అర్థముకూడ పొసగుట మరియొక సొగసు.

క్రొత్త కథ అనగానే ముఖము చిట్లించు పెద్దలు ఆనాడును ఉండిరి, నేడును ఉన్నారు. నవలలు చదివిన పిల్లలు చెడిపోవుదురని ఒకప్పుడు గట్టిగా నమ్మెడివారు. ఆడపిల్లల విషయమున ఆ నమ్మకము ఇంకను గట్టిది. పాతవి మంచివి, క్రొత్తవి తేలికవి అను వాదము వినుటకు బాగుగనే యుండును. కాని పాతది యెల్ల ఒకనాడు క్రొత్తదే గదా! జగ్గయ్యపేట దగ్గర ధనంబోడు అను గుట్టపై ప్రాచీన బౌద్ధస్తూపము కలదు. అచ్చట దొరకిన శిలాఫలకములలో ఒకదానిపై మాంధాత చక్రవర్తి చెక్కబడియున్నాడు. ఆకాశమునుండి నాణెములు వర్షించుచుండును. చక్రవర్తి చేయెత్తి నిలిచియుండును. ఎంత సంపద కురిసినను తనివి తీరక, స్వర్గమునకు పోయి అచ్చటను తృప్తి చెందక, తుదకు నేలకు జారిపడిన రాజు కథ అది. ఆ ఫలకము నేడు చెన్నపట్టణపు ప్రదర్శనశాలలో ఉన్నది. రెండువేల యేండ్లనాడు శిల్పి దానిని చెక్కుచుండగా చుట్టు మూగిన పిల్లలకు అది తమ యూరిలో క్రొత్తగా వెలసిన బొమ్మయే.

ఇక నేటి పాఠశాలకు వత్తము. ఎనిమిదవ తరగతి చదువు బాలబాలికలకు పదమూడేండ్ల ప్రాయముండును. ఇది చదువరికి గండము వంటి వయస్సు. కాకి, నక్క, రాజకుమారి కథలు అప్పటికే చిన్నపిల్లలవిగా తోచుచుండును. పెద్దల గ్రంథములు ఇంకను అందవు. 1947లో పుట్టిన 'చందమామ' అనేక తరముల పిల్లలను ఈ యేటిని దాటించినది. ఆ పత్రిక ఇప్పుడు లేదు. అటుపై పదవతరగతి పరీక్ష దూరమునుండియే భయపెట్టుచుండును. చేతిలో ఫోను చేరును. ఈ నడుమ రెండు మూడేండ్లు ఒక్క కథాపుస్తకమైనను పట్టనివాడు పెద్దయైన పిదప పట్టుట అరుదు. వానికి చదువనగా మార్కులకొరకు చేయు పనిగనే మిగిలిపోవును. పాఠశాలలోని గ్రంథాలయపు బీరువాకు తాళము వేసియుండుటవలన కలుగు నష్టము ఇదియే. పుస్తకము చెదలపాలగుట చిన్న నష్టము. పదమూడవ యేడు దాటిపోవుట పెద్ద నష్టము.

ఈ వయస్సువారికొరకు వ్రాసిన కథలు లోకమున లేకపోలేదు. స్కాట్లండు రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ 1881లో వానపట్టిన సెలవుదినములలో ఇంట కూర్చుండి, సవతికొడుకును సంతోషపెట్టుటకై ఒక దీవి పటమును గీసెను. ఆ పిల్లవానికి అప్పుడు పండ్రెండు, పదమూడేండ్లుండును. పటమునుండి దీవి, దీవినుండి ఓడలు, ఓడలనుండి సముద్రపు దొంగలు పుట్టుకొని వచ్చిరి. ఏ దినమున వ్రాసిన ప్రకరణమును ఆ దినమే ఇంటివారికి చదివి వినిపించెడివాడు. ఆ నవల 1883లో పుస్తకరూపము దాల్చినది. దానిని 'కాంచనద్వీపము'గా తెలుగు పిల్లలకు అందించినవారు నండూరి రామమోహనరావుగారు. ఆయన పుట్టినదియు ఈ మెట్టసీమలోనే. ఊరు విస్సన్నపేట, సంవత్సరము 1927. మార్క్ ట్వేన్ వ్రాసిన టామ్ సాయర్, హకల్‌బెరీ ఫిన్ కథలనుగూడ ఆయనయే తెనిగించెను. ఆ అనువాదములను చదివినవారికి మిసిసిపీ నది కృష్ణకు ఉపనదియేమో అనిపించునంత సహజముగా తెలుగు సాగిపోవును.

అయితే పాత అనువాదములతోనే సరిపుచ్చుకొనవలసిన పనిలేదు. నేటివారు వ్రాసిన కథలును ఉన్నవి. కేంద్ర సాహిత్య అకాడెమీ 2010నుండి ఏటేట బాలసాహిత్య పురస్కారము నిచ్చుచున్నది. తెలుగున తొలి యేడు అది కలువకొలను సదానందగారి 'అడవితల్లి' అను నవలకు లభించినది. 2020లో కన్నెగంటి అనసూయగారి కథలసంపుటి 'స్నేహితులు'నకును, 2024లో పి. చంద్రశేఖర్ ఆజాద్‌గారి నవల 'మాయాలోకము'నకును వచ్చినది. పిల్లల నవలలకొరకు పోటీలు పెట్టి, ఎన్నికైనవానిని అచ్చువేయు పద్ధతి విజ్ఞానచంద్రికా మండలితో అంతరింపలేదు. అమెరికాలోని తెలుగువారి సంఘము తానాయు, సికిందరాబాదులోని మంచి పుస్తకము సంస్థయు కలిసి అట్టి పోటీలను నడపినవి.

పిల్లలకొరకని పేరు పెట్టకున్నను పిల్లలు చదువదగిన కథలు మరికొన్ని కలవు. మహమ్మద్ ఖదీర్‌బాబుగారి 'దర్గామిట్ట కథలు' నెల్లూరు సీమలోని ఒక పిల్లవాని బాల్యమును చెప్పును. వేంపల్లె షరీఫ్‌గారి 'జుమ్మా' కడప మండలపు పేద ముస్లిము కుటుంబముల జీవితము. దానికి 2012లో సాహిత్య అకాడెమీ యువపురస్కారము వచ్చినది. ఇందలి భాష పాఠ్యపుస్తకపు భాషవలె ఉండదు. నందిగామ విద్యార్థికి మొదటి పుటలో కొన్ని మాటలు క్రొత్తగా తగులును. మూడవ పుటకు చెవి అలవాటుపడును. తన యింట మాటలాడు తెలుగొక్కటియే తెలుగు కాదని, ఎల్లలోపలనే ఇన్ని తెలుగులున్నవని అప్పుడు తెలియును. జగ్గయ్యపేటవారికి ఇది సులభముగనే బోధపడవలెను. వారి యూరు దాటి కొలదిదూరము పోయినచో తెలంగాణము, తెలంగాణపు మాటతీరును ఎదురగును.

క్రొత్త కథకు పాతనీతికథతో ఉన్న భేదమును కూడ విద్యార్థులు తెలిసికొనవలసియున్నది. నీతికథలో చివర ఒక వాక్యముండును. దానిని కంఠస్థము చేసి పరీక్షలో వ్రాయవచ్చును. క్రొత్త కథలు చాలవరకు అట్టి వాక్యమును ఇయ్యవు. తండ్రి మంచివాడే, కాని కోపిష్ఠి. స్నేహితుడు అబద్ధమాడినాడు, కాని దానికి కారణమున్నది. పొలము అమ్మక తప్పదు, కాని అమ్మిన పిదప ఇంటిలో ఎవ్వరును అన్నము తినలేదు. ఇట్టి చోట ఎవరిది తప్పు? కథ చెప్పదు. ఆ ప్రశ్నను చదువరియే మోయవలెను. పదమూడేండ్ల పిల్లలు తమ యిండ్లలో ఇట్టివి చూచుచునే యుందురు. పైకి అడుగుటకు బిడియపడుదురు. తమవంటి మథనమును మరియొకరు అనుభవించిరని, దానిని మాటలలో పెట్టవచ్చునని తెలియుటయే వారికి పెద్ద ఊరట. పరీక్షలో దానికి మార్కులు లేకపోవుట ఒక విధముగా మేలే.

పుస్తకమును చదువరియొద్దకు చేర్చుటకు ఈ ఆంధ్రదేశమున పడిన శ్రమ సామాన్యము కాదు. 1914లో బెజవాడలో గ్రంథాలయములవారి మహాసభ జరిగి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. దేశమున ఇట్టి సంఘములకు అది మార్గదర్శకము. అయ్యంకి వేంకటరమణయ్యగారు దానికి ప్రాణముగా నిలిచి, ఊరూరికి గ్రంథాలయ యాత్రలు నడపిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరు మండలపు కాలువలపై పడవలో పుస్తకములు వేసి, రేవురేవున ఆపి పంచిపెట్టు ఏర్పాటు చేసిరి. ఆ సౌకర్యము డెల్టావారిది. మెట్టవారికి పడవలు నడచు కాలువలు లేవు. ఎండకాలమున మునియేటిని కాలినడకను దాటవచ్చును.

తరువాతి కాలమున చట్టములు వచ్చినవి. 1960లో ఆంధ్రప్రదేశ్ పౌరగ్రంథాలయముల చట్టము అమలైనది. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు పన్నును ప్రతి గృహస్థుడును చెల్లించుచున్నాడు. రూపాయికి ఎనిమిది పైసలు. అనగా ఊరి గ్రంథాలయములోని పుస్తకము ధర్మముగా ఇచ్చునది కాదు. విద్యార్థి తండ్రి ముందే వెల చెల్లించినది. ఈ సంగతి తెలిసిన పిల్లవాడు తలవంచుకొని కాక, చొరవతో లోపలికి పోగలడు. పాఠశాలలందు 2020 నవంబరులో 'చదవడం మాకిష్టం' అను పేర ప్రభుత్వము ఒక కార్యక్రమమును ఆరంభించి, పిల్లలచేత కథాపుస్తకములు చదివించుటకు యత్నించినది. ఇట్టి ఉద్యమములు పుస్తకమును బీరువావరకు తేగలవు. బీరువానుండి బయటకు తెచ్చునది విద్యార్థియు, ఉపాధ్యాయుడును మాత్రమే.

గ్రంథాలయశాస్త్రమునకు పితామహుడైన ఎస్.ఆర్. రంగనాథన్‌గారు 1931లో ఐదు సూత్రములు చెప్పిరి. ప్రతి చదువరికి తగిన పుస్తకమొకటి ఉండునని ఒక సూత్రము. ప్రతి పుస్తకమునకు తగిన చదువరి యొకడుండునని మరియొకటి. రెండింటి భావమును చూచినచో, చేతికి వచ్చిన మొదటి పుస్తకమే నచ్చవలెనను నియమము లేదని తెలియును. పది పుటలు చదివిన పిమ్మట మనసు నిలువకున్నచో దానిని తిరిగి పెట్టి వేరొకటి తీసికొనవచ్చును. ఇందు సిగ్గుపడవలసినది లేదు. ఆరంభించిన పుస్తకమును ముగింపక తప్పదని నిర్బంధించు పెద్దలు పిల్లలకు మేలు చేయుచున్నామనుకొందురు. వాస్తవమునకు రెండవ పుస్తకమును దూరము చేయుచున్నారు.

చదివిన ప్రతి కథకును సారాంశము వ్రాసి చూపవలెననుట మరియొక పొరపాటు. ఉపాధ్యాయుడు వారమున ఒక్కనాడు, గ్రంథాలయపు గంటలో, క్రొత్త నవలలోని మొదటి ప్రకరణమును మాత్రము పైకి చదివి, కథ రసపట్టులో ఉండగా ఆపి, పుస్తకమును బల్లపై పెట్టి ఊరకుండినచో చాలును. ఆ మధ్యాహ్నము ఆ పుస్తకముకొరకు ఇద్దరు ముగ్గురు పోటీపడుదురు. మిగిలినవారికి తోటివారి నోటిమాటయే ప్రేరణము. ఒక పిల్ల తన స్నేహితురాలితో "ఈ పుస్తకము చదివితివా? నడుమ ఏడుపు వచ్చును" అని చెప్పు మాటకు ఉన్న బలము ఏ ప్రసంగమునకును లేదు.

ఇంటివద్ద మాత్రము చిక్కు వేరు. పాఠము చదువక కథ చదువుచున్నదని తల్లి కోపించును. ఆ కోపమునందు అర్థము లేకపోలేదు. మిరపకాయల కోతలకు పోయి వచ్చిన చేతులతో బడి ఖర్చులు లెక్కించుకొను తల్లి ఆమె. అట్టి తల్లితో వాదించుట కన్న, రాత్రి భోజనమైన పిదప కథలో ఒక భాగమును ఆమెకు చదివి వినిపించుట మేలు. అచ్చమాంబ కథను వినిపించినచో మరియు మేలు. పండుగనాడు ఇంట డబ్బు లేకుండుట యెట్లుండునో ఆ తల్లికి ఎవ్వరును చెప్పవలసిన పనిలేదు. కథలోని యిల్లాలు చేసినది సరియో కాదో ఆమె తన తీర్పు తాను చెప్పును. కొన్ని యిండ్లలో ఆ తీర్పు పుస్తకములోనిదానికి భిన్నముగా ఉండవచ్చును.

క్రొత్త పుస్తకములు కొనుటకు పాఠశాలకు ద్రవ్యము వచ్చిన యేడు, ఏ పుస్తకములు తెప్పింపవలెనో విద్యార్థులనుగూడ అడుగుట మంచిది. తరగతి గోడపై ఒక కాగితము అంటించి, కోరిన పుస్తకముల పేర్లు వ్రాయుమనిన చాలును. మొదటి నెల దానిపై రెండు మూడు పేర్లకన్న ఎక్కువ ఉండవు. అవియు ఒకరిని చూచి ఒకరు వ్రాసినవే. వేసవి సెలవులకు ముందు, ఇంటికి తీసికొనిపోవుటకు పుస్తకములు పంచు దినమున, ఆ కాగితమును మరల చూడవలెను. సెలవులు సుమారు నెలన్నర. ఒక్కొక్కరికి రెండేసి పుస్తకము లిచ్చి, ఒకరివి ముగిసిన పిదప మరియొకరికి మార్చుకొమ్మనిచో, ఒకే వీధిలోని నలుగురు పిల్లలకు ఎనిమిది కథలు చేరును.